ఎవరికీ పట్టని పిల్లవాడు

అందరికీ నమస్కారం. వర్షంలో కూడా ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

ఇవాళ నేను ఒక పిల్లవాడి గురించి మాట్లాడదామని వచ్చాను. పదమూడు పద్నాలుగేళ్లు ఉంటాయి వాడికి. పేరు హకల్‌బెరీ ఫిన్. ఊళ్లో అందరూ హక్ అంటారు. వాడి కథతో అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ రాసిన ‘హకల్‌బెరీ ఫిన్’ నవల ఇంగ్లండ్‌లో 1884 డిసెంబరులో, అమెరికాలో 1885 ఫిబ్రవరిలో వచ్చింది. నండూరి రామమోహనరావు గారి అనువాదంలో మీలో చాలామంది చిన్నప్పుడే చదివి ఉంటారు. నేనూ అలాగే చదివాను. అప్పుడు నాకు అది తెప్ప మీద షికారు కథ. నదీ, దీవీ, దొంగలూ, రాత్రిపూట చేపలూ. పెద్దయ్యాక మళ్లీ చదివితే గుండె బరువెక్కింది. ఆ బరువేమిటో మీతో పంచుకోవాలని ఉంది.

హక్ పూర్తిగా ఊహలోంచి పుట్టినవాడేం కాదు. ట్వేన్ పెరిగింది మిస్సోరీ రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున ఉన్న హానిబల్ అనే చిన్న ఊళ్లో. ఆ ఊళ్లో టామ్ బ్లాంకెన్‌షిప్ అని ఒక కుర్రాడు ఉండేవాడు. తండ్రి తాగుబోతు. వాడికి ఒంటికి స్నానం లేదు, కడుపుకు సరైన తిండి లేదు. హక్‌ని ఆ కుర్రాణ్ని చూసే రాశానని ట్వేన్ ముసలితనంలో ఆత్మకథ చెబుతూ ఒప్పుకున్నాడు. చదువు లేదు, శుభ్రం లేదు, కానీ అంత మంచి మనసున్న పిల్లవాడు ఇంకొకడు లేడన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు: ఊరు మొత్తం మీద, పిల్లల్లో గానీ పెద్దల్లో గానీ, నిజంగా స్వతంత్రుడు వాడొక్కడే అని.

ఈ స్వతంత్రం అనే మాట దగ్గరే నేను కాస్త ఆగుతాను. ఈ నవల గురించి మాట్లాడేవాళ్లు చాలామంది, ఎవరూ పట్టించుకోకపోవడం హక్‌కి మేలే చేసింది అన్నట్టు మాట్లాడతారు. బడికి సరిగ్గా పోలేదు కాబట్టి మనసు చెడలేదు, ఊరి బుద్ధులు అంటలేదు కాబట్టి మంచివాడుగా మిగిలాడు అంటారు. నాకు నవలలో అలా కనిపించలేదు. ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల హక్ చేతులు పని నేర్చుకున్నాయి, అంతవరకు నిజం. మనసుకు స్వతంత్రం వచ్చింది మాత్రం ఒక మనిషి వాణ్ని పట్టించుకున్నాకే. ఆ మనిషి ఏం చేశాడో చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందు చేతుల సంగతి చూద్దాం.

1876లో వచ్చిన ట్వేన్ నవల ‘టామ్ సాయర్’లో హక్ మొదటిసారి కనిపిస్తాడు. ఎండాకాలం ఎవరింటి మెట్ల మీదో పడుకుంటాడు, వానొస్తే ఖాళీ పీపాలో దూరతాడు. ఊళ్లో తల్లులందరికీ వాడంటే భయం, అసహ్యం. వాళ్ల పిల్లలకు మాత్రం వాడంటే అసూయ. ఆ కథ చివర టామ్ సాయర్ అనే కుర్రాడికీ, వాడి స్నేహితుడు హక్‌కీ నిధి దొరుకుతుంది. చెరొక 6,000 డాలర్లు. జడ్జి థాచర్ ఆ డబ్బు వడ్డీకి ఇస్తే రోజుకొక డాలరు వస్తుంది. డగ్లస్ అనే వితంతువు హక్‌ని ఇంట్లో పెట్టుకుని చదువు, పద్ధతులు నేర్పడం మొదలుపెడుతుంది. మన నవల ఇక్కడ మొదలవుతుంది, హక్కే తన కథ తాను రాసుకున్నట్టు సాగుతుంది.

డబ్బు వాసన తగిలి తండ్రి తిరిగొస్తాడు. నవలలో ఆయనకు పేరు కూడా లేదు, పాప్ అంటాడు హక్, అంటే నాన్న. కొడుకు చదవడం నేర్చుకున్నాడని తెలిసి ఆ నాన్నకు ఒళ్లు మండిపోతుంది. మన వంశంలో ఎవరికీ చదువు రాదు, నాకంటే గొప్పవాడివి అవుదామనుకుంటున్నావా అని చావగొడతాడు. పాఠాలు బాగా చదివినందుకు ఎవరో ఇచ్చిన చిన్న బొమ్మ ఉంటే దాన్ని కూడా చింపేస్తాడు. డగ్లస్ గారు, జడ్జి గారు కోర్టుకు వెళ్తారు. కానీ అక్కడికి కొత్తగా వచ్చిన జడ్జి తండ్రినీ బిడ్డనూ విడదీయడం ధర్మం కాదంటాడు. పిల్లవాణ్ని కాపాడాల్సిన చట్టం తండ్రి హక్కు వైపు నిలబడింది.

చివరకు పాప్ కొడుకుని ఎత్తుకుపోయి, నదికి ఎగువన మూడు మైళ్ల దూరంలో, ఇల్లినాయ్ ఒడ్డున ఒక దుంగల గుడిసెలో పడేస్తాడు. బయటికి వెళ్లినప్పుడల్లా తాళం వేస్తాడు. ఒకసారి మూడు రోజులు రాడు. నాన్న నదిలో మునిగిపోయుంటే నేనిక బయటపడేది ఎలా అని పిల్లవాడికి అప్పుడు భయం పడుతుంది. ఒక రాత్రి పాప్ తాగిన మైకంలో కొడుకుని మృత్యుదేవత అనుకుని కత్తి పట్టుకుని గదంతా తరుముతాడు. ఆయన సోలిపోయాక హక్ తుపాకీ తీసి, ఒక పీపా మీద ఆనించి, తండ్రి వైపు గురిపెట్టి, ఆయన మళ్లీ లేవకూడదని ఎదురుచూస్తూ కూర్చుంటాడు. ట్వేన్ దీన్ని చాలా మామూలు మాటల్లో రాశాడు. హక్ తన మీద తాను జాలి పడడు. వాడికి అది ఇంకొక రాత్రి, అంతే.

ఇక పారిపోవడం. ఎంత తెలివిగా చేస్తాడో చూడండి. తుప్పు పట్టిన రంపం దొరికితే దుప్పటి చాటున దుంగ కోస్తాడు. సామానంతా పడవలోకి చేరుస్తాడు. అడవి పందిని కొట్టి తెచ్చి, గొడ్డలితో తలుపు పగలగొట్టి, దాని నెత్తురు నేల మీద కారుస్తాడు. రాళ్లు నింపిన గోనెసంచిని నదిదాకా ఈడుస్తాడు, శవాన్ని లాక్కుపోయినట్టు కనపడాలని. తన తల వెంట్రుకలు పీకి గొడ్డలికి అంటిస్తాడు. దొంగలు ఫలానా వైపు పోయారనుకునేట్టు పిండి కూడా చారగా పోస్తాడు. తనను ఎవరో చంపేశారని ఊరంతా నమ్మాలి. బతికున్నాడని తెలిస్తే వెతుకుతారు, చచ్చాడనుకుంటే వదిలేస్తారు. చిన్న పిల్లవాడికి ఈ లెక్క తట్టిందంటే, వాడు ఊరిని ఎంత దగ్గరగా చూసి ఉండాలి!

వాడు జాక్సన్ దీవిలో దాక్కుంటాడు. మర్నాడు వాడి శవం కోసం నది మీద ఫిరంగి పేలుస్తారు, శవం పైకి తేలుతుందని. ఇంకో నమ్మకం కూడా ఉంది: రొట్టెలో పాదరసం పెట్టి నీళ్లలో వదిలితే అది నేరుగా శవం ఉన్నచోటికి పోతుందట. ఆ రొట్టెల్లో ఒకటి హక్ దగ్గరికే కొట్టుకొస్తుంది. పాదరసం దులిపేసి తింటాడు. అది గొప్పింటి వాళ్లు తినే రొట్టె, తాను రోజూ తినే మొక్కజొన్న రొట్టె లాంటిది కాదని గమనిస్తాడు కూడా. తింటూ అనుకుంటాడు: ఈ రొట్టె నన్ను చేరాలని డగ్లస్ గారో, పాదిరి గారో ప్రార్థన చేసుంటారు, చేరనే చేరింది, అంటే ప్రార్థన పనిచేస్తుంది, కాకపోతే నాలాంటి వాడు చేస్తే పనిచేయదు. నాకు ఈ చోట చదవడం ఆగిపోతుంది. తెలివి ఉంది, ధైర్యం ఉంది, చేతినిండా పని ఉంది. అయినా తాను తక్కువవాణ్నని, దేవుడి దగ్గర కూడా తన మాట చెల్లదని వాడు రూఢిగా నమ్మాడు. ఇంత స్వతంత్రుడికి ఆ నమ్మకం ఎక్కణ్నుంచి వచ్చింది? తనను వెలివేసిన ఊరి నుంచే. ఊరు వాడికి అన్నం పెట్టలేదు కానీ, ఎవరు పైన ఎవరు కింద అన్న లెక్క మాత్రం ఎక్కించింది.

ఆ లెక్కలో హక్ కంటే కింద ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. అదే అసలు కథ.

మిస్సోరీ 1821లో బానిసత్వం ఉన్న రాష్ట్రంగానే అమెరికా దేశంలో చేరింది. నవల కథ జరిగేది 1835, 1845 ప్రాంతాల్లో. చిన్నప్పుడు బానిసత్వంలో తప్పుందని తనకు తెలియనే తెలియదని ట్వేన్ రాసుకున్నాడు. పత్రికల్లో దానికి వ్యతిరేకంగా ఒక్క ముక్క ఉండేది కాదు, చర్చిలో పాదిరి అది దేవుడికి ఇష్టమైనదే అని చెప్పేవాడు. 1896లో ఆయన ప్రసంగాలిస్తూ బొంబాయి వచ్చినప్పుడు హోటల్లో ఒక తెల్లవాడు పనివాణ్ని ఊరికే చెంప మీద కొట్టడం చూశాడు. ఆ ఒక్క దెబ్బతో యాభై ఏళ్లు వెనక్కి వెళ్లిపోయానని, మా ఊళ్లో బానిసలకు ఏదైనా చెప్పే పద్ధతి ఇదే కదా అని గుర్తొచ్చిందని తన యాత్రా పుస్తకంలో రాశాడు. అంతవరకు ఆ సంగతి మరిచిపోయానన్నాడు. మంచివాళ్ల మధ్య, రోజూ కళ్లముందు జరిగే అన్యాయం అంత మామూలుగా కలిసిపోతుంది.

పాప్ కూడా తాగి ఒకరోజు గవర్నమెంటును తిట్టిపోస్తాడు. ఒహాయో నుంచి వచ్చిన ఒక నల్లజాతి ప్రొఫెసరును చూశాడట. మంచి బట్టలు, చాలా భాషలు వచ్చు, పైగా అతని రాష్ట్రంలో ఓటు హక్కు ఉందట. ఇక నేను జన్మలో ఓటు వెయ్యను అంటాడు. చొక్కా మీద బురద, కడుపులో సారా, గుడిసెలో బందీగా కొడుకు. ఆ మనిషి గొప్పగా చెప్పుకోడానికి తెల్ల చర్మం ఒక్కటే మిగిలింది. హక్ విన్నది ఇలాంటి మాటలే. కన్నతండ్రి దగ్గరా అదే, చర్చికి పోయే మర్యాదస్తుల దగ్గరా అదే.

జాక్సన్ దీవిలో హక్‌కి జిమ్ కనిపిస్తాడు. డగ్లస్ గారి చెల్లెలు మిస్ వాట్సన్ దగ్గర బానిస. 800 డాలర్లకు ఆమె తనను దక్షిణాన న్యూ ఆర్లిన్స్‌కి అమ్మేయబోతోందని చాటుగా విని పారిపోయి వచ్చాడు. ఎవరికీ చెప్పనని హక్ అప్పటికే మాటిచ్చేశాడు. ఇచ్చిన మాట మీద నిలబడతాడు, కానీ ఏమంటాడంటే, జనం నన్ను నీచుడంటారు, పోనీ, నేనెలాగూ అక్కడికి తిరిగి వెళ్లను కదా. చూడండి, జిమ్ పారిపోవడం న్యాయమే అని వాడు అనలేదు. మాట తప్పకూడదన్న పట్టుదల ఒక్కటే వాడికి అప్పటికి ఉన్నది.

నదికి అవతలి ఒడ్డు ఇల్లినాయ్, అక్కడ బానిసత్వం లేదు కదా, నేరుగా అవతలికి దాటిపోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. పారిపోయిన బానిసను పట్టి యజమానికి అప్పగించాలనే కేంద్ర చట్టం 1793 నుంచే ఉంది. బహుమతుల కోసం ఆ ఒడ్డున కూడా వెతికేవాళ్లు. జిమ్ మీద 300 డాలర్ల బహుమతి ప్రకటించారు, అదీ హక్‌ని చంపాడన్న అనుమానంతో! అందుకే తెప్ప మీద దిగువన కైరో అనే ఊరు దగ్గర ఒహాయో నది కలిసేచోటికి వెళ్లి, అక్కడ స్టీమరెక్కి ఉత్తరాన దూరంగా వెళ్లాలని వాళ్ల ఆలోచన.

మొదట్లో హక్‌కి జిమ్ ఒక ఆటబొమ్మ. చచ్చిన గిలక పామును చుట్టచుట్టి అతని దుప్పటి మీద పెడతాడు, సరదాకి. దాని జంట పాము వచ్చి జిమ్‌ను కాటేస్తుంది. నాలుగు రోజులు పడుకుంటాడు జిమ్. హక్ ఆ చచ్చిన పాములను చాటుగా పొదల్లోకి విసిరేస్తాడు, తప్పు తనదని ఒప్పుకోడు. ఈ చోటు గుర్తుపెట్టుకోండి, తర్వాత జరిగేదానికి కొలబద్ద ఇదే.

ఒక రాత్రి దట్టమైన పొగమంచు. హక్ చిన్న పడవలో, జిమ్ తెప్ప మీద. విడిపోతారు. రాత్రంతా ఒకరినొకరు కేకలేసుకుంటూ, ప్రవాహం ఎటు లాగుతోందో తెలియక, దీవుల మధ్య చిక్కుకుని తిరుగుతారు. చివరికి హక్ తెప్పను చేరేసరికి జిమ్ తల మోకాళ్ల మధ్య పెట్టుకుని నిద్రపోతుంటాడు. ఒక తెడ్డు విరిగిపోయి ఉంటుంది, తెప్పంతా ఆకులూ కొమ్మలూ మట్టీ. హక్ పక్కన పడుకుని, అప్పుడే నిద్ర లేచినట్టు నటిస్తాడు. పొగమంచు ఎక్కడిది, విడిపోవడం ఎక్కడిది, నువ్వు కలగన్నావు అంటాడు. జిమ్ నమ్ముతాడు. ఆ కలకు అర్థాలు కూడా చెప్పడం మొదలుపెడతాడు. అప్పుడు హక్ తెప్ప మీది చెత్త చూపించి, మరి వీటికి అర్థమేమిటి అని అడుగుతాడు.

జిమ్ ఆ చెత్త వైపు చూస్తాడు, హక్ వైపు చూస్తాడు. నవ్వడు. నువ్వు తప్పిపోయావనుకుని నా గుండె పగిలింది, నేనేమైనా తెప్ప ఏమైనా నాకు పట్టలేదు, నువ్వు క్షేమంగా కనపడగానే నీ కాళ్లు ముద్దుపెట్టుకోవాలనిపించింది, నువ్వేమో నన్ను ఎలా వెర్రివాణ్ని చెయ్యాలా అని ఆలోచిస్తున్నావు అంటాడు. చెత్త అంటే ఇదీ, స్నేహితుడి నెత్తిన మట్టి పోసి సిగ్గుపడేలా చేసే మనుషులే చెత్త, అని లేచి గుడారంలోకి వెళ్లిపోతాడు.

ఆ కాలంలో ఒక బానిస ఒక తెల్ల పిల్లవాడితో ఈ మాట అనడం ప్రాణాలకే ముప్పు. జిమ్‌కి అది తెలుసు. అయినా అన్నాడు. హక్ చెంప మీద కొట్టినవాళ్లు ఉన్నారు, నీతులు చెప్పినవాళ్లు ఉన్నారు. నువ్వు కనపడకపోతే నా గుండె పగిలిందని చెప్పినవాడు అంతవరకు ఒక్కడూ లేడు. నీ వల్ల నాకు నొప్పి కలిగిందని చెప్పినవాడూ లేడు. ఎదుటి మనిషిని నొప్పించగలగాలంటే ముందు ఆ మనిషికి మనం ముఖ్యం కావాలి కదా. హక్‌కి ఆ అనుభవమే కొత్త.

పదిహేను నిమిషాలు పట్టింది, వెళ్లి క్షమాపణ అడగడానికి మనసు ఒప్పుకోవడానికి. కానీ వెళ్లాడు. తర్వాత ఎప్పుడూ అందుకు బాధపడలేదని రాస్తాడు. పాముల్ని పొదల్లోకి విసిరేసిన పిల్లవాడు ఇక్కడికి వచ్చాడు. ఒక నల్లవాడి ముందు తల వంచడానికి అన్న అర్థం వచ్చేలా వాడు వాడిన మాటలు మాత్రం ఊరు నేర్పిన మాటలే. మనసు మారింది, భాష మారలేదు. చివరిదాకా ఆ భాష మారదు.

ఆ వెంటనే వస్తుంది పెద్ద పరీక్ష. కైరో దగ్గర పడుతోందని జిమ్‌కి ఆనందం. పైకి అనేస్తాడు: స్వేచ్ఛ రాగానే పని చేసి డబ్బు దాచి భార్యను కొనుక్కుంటాను, తర్వాత ఇద్దరం కష్టపడి పిల్లలిద్దరినీ కొనుక్కుంటాం, యజమాని అమ్మనంటే ఎవరి చేతనైనా దొంగిలింపజేస్తాం. హక్‌కి ఒళ్లు జలదరిస్తుంది. తన పిల్లల్ని తాను దొంగిలిస్తానంటున్నాడే, ఆ పిల్లలు నాకు ఏ అపకారమూ చెయ్యని ఒక పెద్దమనిషి సొత్తు కదా అనుకుంటాడు. మిస్ వాట్సన్ నీకేం ద్రోహం చేసిందిరా అని మనస్సాక్షి పొడుస్తుంది. వాడికి ఆ టెన్షన్ భరించలేక, జిమ్‌ను పట్టిచ్చేద్దామని చిన్న పడవ వేసుకుని బయల్దేరతాడు. వెనక నుంచి జిమ్ అరుస్తాడు, నాకున్న ఒకే ఒక స్నేహితుడివి నువ్వు, మాట నిలబెట్టుకున్న ఒకే ఒక తెల్లవాడివి అని.

అయిదుగురు పారిపోయిన బానిసల్ని వెతుకుతున్న ఇద్దరు మనుషులు తుపాకులతో ఎదురొస్తారు. తెప్ప మీద ఉన్నది తెల్లవాడా నల్లవాడా అంటారు. హక్ ఒకటి రెండు క్షణాలు చెప్పడానికి ప్రయత్నిస్తాడు, నోరు రాదు. తెల్లవాడే అంటాడు. వాళ్లు చూసి పోతామంటే, రండి రండి, మా నాన్నకు జబ్బు, ఎవర్ని పిలిచినా దగ్గరికి రావడం లేదు అని బతిమాలతాడు. మశూచి అని వాళ్లకు వాళ్లే ఊహించుకుని భయపడి, ఒక పలక మీద చెరొక ఇరవై డాలర్ల బంగారు నాణెం పెట్టి నీళ్లలో తేల్చి పంపి వెళ్లిపోతారు.

ఒక ప్రాణాన్ని కాపాడిన పిల్లవాడు సంతోషించాలి కదా. హక్ కుమిలిపోతాడు. చిన్నప్పుడు సరైన దారిలో పెట్టకపోతే మనిషి ఇక బాగుపడడు అనుకుంటాడు. తన దయను తన పెంపకంలో లోపం అనుకున్నాడు! మనం మామూలుగా చెప్పుకునే కథల్లో పిల్లవాడు తప్పు చేస్తాడు, అది తప్పని తెలుసుకుంటాడు, దిద్దుకుంటాడు. ఇక్కడ పిల్లవాడు మంచి చేసి, అది మంచని ఎప్పటికీ తెలుసుకోడు. ట్వేన్ 1895లో ఈ ఘట్టం గురించి నోట్‌బుక్‌లో రాసుకున్నాడు, ఆరోగ్యమైన హృదయానికీ వికృతంగా తయారైన మనస్సాక్షికీ ఢీ జరిగితే మనస్సాక్షి ఓడిపోయింది అని.

ఇక నాకు ఈ నవల మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన చోటు చెబుతాను. చాలామంది గబగబా దాటేసే చోటు.

తెప్ప మీద రాత్రిపూట వంతులవారీగా కాపలా ఉంటారు. ఒక తెల్లవారుజామున హక్ నిద్ర లేస్తాడు. తన వంతు వచ్చినా జిమ్ లేపలేదు. తరచూ అలాగే చేస్తాడు అని ఒక చిన్న వాక్యం రాస్తాడు హక్. జిమ్ మోకాళ్లలో తల పెట్టుకుని మూలుగుతుంటాడు. భార్య, పిల్లలు గుర్తొచ్చారు. హక్ గమనించి అనుకుంటాడు, తెల్లవాళ్లకు వాళ్ల వాళ్ల మీద ఎంత ప్రేమో ఇతనికీ అంతే ప్రేమ ఉన్నట్టుంది, వింతే గానీ నిజమే అనిపిస్తోంది. తర్వాత జిమ్ తన కూతురు ఎలిజబెత్ సంగతి చెబుతాడు. నాలుగేళ్ల పిల్ల. విషజ్వరం వచ్చి తగ్గింది. ఒకరోజు తలుపు వెయ్యమ్మా అంటే నిలబడి నవ్వుతోంది. మళ్లీ చెప్పాడు, మళ్లీ నవ్వింది. కోపమొచ్చి చెంప మీద కొట్టాడు. కాసేపయ్యాక వస్తే తలుపు అలాగే తీసి ఉంది, పిల్ల తల వంచుకుని ఏడుస్తోంది. మళ్లీ కొట్టబోయేంతలో గాలికి తలుపు పిల్ల వెనకే ధడేల్మని పడింది. పిల్ల కదల్లేదు. జ్వరం పిల్ల చెవులు తీసుకుపోయిందని అప్పుడు తెలిసింది. బిడ్డను పట్టుకుని ఏడ్చానని, బతికినంతకాలం నన్ను నేను క్షమించుకోలేనని చెబుతాడు జిమ్.

ఎవరు వింటున్నారు ఈ కథ? వీపు మీద బెత్తం వాతలున్న పిల్లవాడు. ఒక తండ్రి బిడ్డను కొట్టినందుకు ఏడవడం ఉంటుందని హక్‌కి ఆ తెల్లవారుజామున తెలిసింది. దాని గురించి వాడు ఒక్క వ్యాఖ్య చెయ్యడు. ఆ అధ్యాయం అక్కడితో ఆగిపోతుంది. ట్వేన్ అక్కడ ఆపడం ఎంత గొప్ప పనో నాకు యాభై దాటాక గానీ అర్థం కాలేదు.

ఈ మధ్యలో చాలా జరుగుతుంది. రెండు పెద్ద కుటుంబాల పగలో తన ఈడు బక్ అనే కుర్రాడు చనిపోతే, హక్ శవాన్ని ఒడ్డుకు లాగి, మొహం కప్పి కాస్త ఏడుస్తాడు. రాజూ డ్యూకూ అని చెప్పుకునే ఇద్దరు మోసగాళ్లు తెప్ప మీదికి చేరతారు. వాళ్లు దోచుకోబోయిన అనాథ అమ్మాయి మేరీ జేన్‌కి హక్ నిజం చెప్పేస్తాడు. అబద్ధాల మీద బతికిన పిల్లవాడికి నిజం చెప్పడమే ప్రమాదకరంగా, వింతగా తోస్తుంది. ఇవన్నీ వేరే చర్చ.

చివరకు ఆ మోసగాళ్లు జిమ్‌ను 40 డాలర్లకు అమ్మేస్తారు. హక్ ఒంటరిగా తెప్ప మీద కూర్చుని ఆలోచిస్తాడు. ఆదివారం బడికి పోయుంటే నాలా చేసేవాళ్లు నరకాగ్నిలో పడతారని నేర్పేవాళ్లు కదా అని వణికిపోతాడు. ప్రార్థన చెయ్యబోతే మాటలు రావు. ముందు తప్పు దిద్దుకుందామని మిస్ వాట్సన్‌కి ఉత్తరం రాస్తాడు, మీ జిమ్ ఫలానా చోట ఉన్నాడు అని. రాయగానే పాపాలన్నీ కడిగేసినట్టు హాయిగా ఉంటుంది. వెంటనే ప్రార్థన చేసి ఉంటే కథ అయిపోయేది. చెయ్యలేదు. ఆలోచించాడు.

ఏం గుర్తొచ్చాయంటే, తెప్ప, నది, వెన్నెల, పాటలు. జిమ్ తన వంతు మీద నా వంతు కూడా కాపలా కాసి నన్ను నిద్రపోనివ్వడం. పొగమంచులోంచి నేను తిరిగొస్తే అతని ఆనందం. నన్ను ముద్దుపేర్లతో పిలవడం. వాడికి ఏ సిద్ధాంతమూ గుర్తు రాలేదు, బానిసత్వం తప్పు అన్న ఆలోచన అప్పుడు కూడా రాలేదు. గుర్తొచ్చింది నిద్ర. ఒకరు మెలకువగా ఉండి ఇచ్చిన నిద్ర. తండ్రి లేవకూడదని తుపాకీ పట్టుకుని రాత్రి గడిపిన పిల్లవాడికి అది ఎంత విలువైనదో మీరే ఊహించండి. ఊపిరి బిగబట్టి ఒక నిమిషం ఆ కాగితం వైపు చూసి, సరే అయితే, నేను నరకానికే పోతాను అని చింపేస్తాడు.

ఆ నరకం వాడికి నిజమైనది. మనం దాన్ని మాటవరసకు అన్నట్టు చదువుతాం. వాడు మాత్రం తనను నిజంగా నిప్పుల్లో వేస్తారనే నమ్మి చింపాడు. చేతుల స్వతంత్రం గుడిసెలోంచి బయటపడేయగలిగింది. ఊరంతా, చర్చి, చట్టం, తన తలలోని గొంతు కూడా ఒక వైపు ఉన్నప్పుడు రెండో వైపు నిలబడే బలం మాత్రం ఆ కాపలా రాత్రుల్లోంచి వచ్చింది.

హానిబల్‌లో ఇలాంటిది నిజంగానే జరిగింది. ఇందాక చెప్పిన టామ్ బ్లాంకెన్‌షిప్‌కి బెన్సన్ అని అన్న ఉండేవాడు. 1847లో నది అవతల దీవిలో దాక్కున్న ఒక పారిపోయిన బానిసకు, బహుమతి ప్రకటించారని తెలిసినా, రహస్యంగా తిండి తీసుకెళ్లి ఇచ్చాడు. ఊళ్లో అందరికంటే బీదవాళ్లు ఆ ఇంటివాళ్లు.

తర్వాతి అధ్యాయాలు నాకు నచ్చవు, ఆ సంగతి దాచను. టామ్ సాయర్ వచ్చి జిమ్ విడుదలను ఒక పెద్ద నాటకంగా మార్చేస్తాడు. మిస్ వాట్సన్ రెండు నెలల కిందటే చనిపోతూ వీలునామాలో జిమ్‌కి స్వేచ్ఛ ఇచ్చేసిందని టామ్‌కి తెలుసు, చెప్పడు. హక్ మళ్లీ టామ్ వెనక నడుస్తాడు. తూటా తగిలిన టామ్‌ను వదిలి పారిపోనని జిమ్ నిలబడితే, లోపల ఇతను తెల్లవాడేనని నాకు తెలుసు అని మెచ్చుకుంటాడు. వాడి దగ్గరున్న గొప్ప మెప్పు అదే! నల్లవాళ్లను కించపరిచే మాట ఈ నవలలో 200కు పైగా సార్లు వస్తుంది. అది చదివి గాయపడేవాళ్ల బాధ న్యాయమైనదని నేను నమ్ముతాను. హక్ ఎదుగుదల సగంలో ఉన్న ఎదుగుదల. ఒక మనిషి విషయంలో ఊరిని కాదనగలిగాడు, మిగతా లక్షలాది మందిని చూడలేకపోయాడు. పద్నాలుగేళ్ల పిల్లవాడి నుంచి అంతకు మించి అడగాలా వద్దా అన్నది మనం మాట్లాడుకోవచ్చు.

ఆఖరుగా ఒక్కటి. కథ మొదట్లో, వరదలో ఒక ఇల్లు తేలుతూ వస్తుంది. లోపల ఒక శవం. జిమ్ ముందుగా వెళ్లి చూసి, రా హక్, కానీ మొహం చూడకు, ఘోరంగా ఉంది అని పాత గుడ్డలు కప్పేస్తాడు. చివరి పేజీలో హక్ అంటాడు, నా డబ్బు ఈపాటికి నాన్న కాజేసి తాగేసి ఉంటాడు అని. అప్పుడు జిమ్ చెబుతాడు. ఆయనిక రాడు హక్. ఆ ఇంట్లో నేను గుడ్డ కప్పింది ఆయనకే.

తన స్వార్థం కోసమే జిమ్ ఇన్నాళ్లూ దాచాడని, నాన్న లేడని తెలిస్తే హక్ ఇంటికి వెళ్లిపోయేవాడని కొందరు విమర్శకులు అంటారు. అందులో కొంత ఉండొచ్చు. కానీ మొహం చూడకు అన్నది ఇంకే లెక్కా వెయ్యకముందు నోట్లోంచి వచ్చిన మాట.

దానికి హక్ ఏం జవాబిచ్చాడో నవలలో లేదు. వెంటనే తర్వాతి పేరాలో, టామ్ తన కాలికి తగిలిన తూటాను గొలుసుకు కట్టుకుని తిరుగుతున్నాడని రాస్తాడు. తండ్రి చనిపోయాడన్న కబురుకూ ఆ వాక్యానికీ మధ్య ఏమీ లేదు. నేను ఈ పుస్తకం ఎప్పుడు చదివినా అక్కడ ఆగి, ఆ ఖాళీ దగ్గర కాసేపు కూర్చుంటాను.

ఓపిగ్గా విన్నారు. నమస్కారం.